నడుముకి యాంటీబయాటిక్ పంపు: 24 గంటలు మందు నిలుస్తుందా?

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లకి ఇది బాగా తెలుసు. యాంటీబయాటిక్ డ్రై సిరప్ కొంటే సీసాలో పౌడర్ ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి కలుపుతాం. పౌడర్‌గా షాపులో నెలల తరబడి ఆగిన మందు, నీళ్లు తగిలాక రోజుల లెక్కలోకి వచ్చేస్తుంది. అమాక్సిసిలిన్-క్లావులనేట్ అయితే ఫ్రిజ్‌లో పెట్టినా 7 రోజులే.

నేను ఇంగ్లండ్‌లో ఒక హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తున్నాను. అక్కడ నా ముందుకి వచ్చే ప్రశ్న కూడా దాదాపు ఇదే. కాకపోతే సీసా బదులు పంపు.

ఎముకలోనో, గుండె కవాటం మీదో ఇన్ఫెక్షన్ వచ్చిందనుకోండి. చాలామందికి వారాల తరబడి, ఒక్కోసారి ఆరు వారాలు, నరానికి యాంటీబయాటిక్ ఎక్కించాలి. మనిషి బాగానే ఉంటాడు, నడుస్తాడు, తింటాడు. ఒక్క మందు కోసమే బెడ్ మీద ఉండాలి. అందుకే అతన్ని ఇంటికి పంపి అక్కడే మందు ఎక్కించే పద్ధతి వచ్చింది. అమెరికాలో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లలకి ఇలా చేసిన రిపోర్టు 1974లోనే వచ్చింది. దీన్ని ఓపాట్ అంటారు.

ఇందులో ఎక్కువగా వాడేది ఎలాస్టోమెరిక్ పంపు. పేరు పెద్దది గానీ లోపల ఉన్నది ఒక బెలూన్, అంతే. పాలసీసా అంత ప్లాస్టిక్ డబ్బాలో మందు నింపిన బెలూన్ మెల్లగా ముడుచుకుంటూ, సన్నటి గొట్టం గుండా మందుని చేతి నరంలోకి తోస్తుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, బీప్ బీప్ లేదు. నడుముకి చిన్న బ్యాగు కట్టుకుని ఆఫీసుకి కూడా వెళ్లొచ్చు. నర్సు రోజుకి ఒక్కసారి వచ్చి మారిస్తే చాలు.

మన దగ్గర క్యాన్సర్ హాస్పిటళ్లలో 5-ఎఫ్‌యూ అనే మందుకి ఇలాంటి పంపు 46 గంటలు కట్టి పంపడం మీలో కొందరు చూసే ఉంటారు. మరి యాంటీబయాటిక్‌కి అంత సులువు కాదా? కాదు. 5-ఎఫ్‌యూ నీళ్లలో గట్టిగా నిలబడే మందు. పెనిసిలిన్ కుటుంబం అలా కాదు. వాటి గుండెకాయ బీటా-లాక్టమ్ అనే నాలుగు మూలల ఉంగరం. బ్యాక్టీరియాని చంపేది అదే, నీళ్లలో ముందు విరిగేదీ అదే. పైగా పెనిసిలిన్ విరిగితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మిగతా మందుని ఇంకా త్వరగా విరగ్గొడుతుంది.

దీనికి తోడు వేడి. పంపు ఒంటికి ఆనుకుని ఉంటుంది, రాత్రి దుప్పటి కిందికి కూడా వస్తుంది. అందుకే బ్రిటన్‌లో పరీక్ష 25 డిగ్రీల దగ్గర ఆగదు, 32 డిగ్రీల దగ్గర 24 గంటలు చేస్తారు. చివర్లో కూడా మందు 95 శాతం మిగలాలి. ఈ రూల్ ఉన్న పత్రం పేరు ఎల్లో కవర్ డాక్యుమెంట్. అమెరికాలో మామూలుగా 90 శాతం చాలంటారు. నన్నడిగితే బ్రిటన్ వాళ్ల పట్టుదలే కరెక్ట్. తగ్గిన మందు ఎక్కడికో మాయమైపోదు కదా, విరిగిన ముక్కలుగా మనిషి ఒంట్లోకే వెళ్తుంది. సెఫ్టాజిడిమ్ విరిగితే పిరిడిన్ అనే విషపదార్థం వస్తుంది. అక్కడ శాతంతో పాటు అది కూడా కొలవాలి.

మరి పరీక్షలో ఎవరు పాస్? ఫ్లూక్లోక్సాసిలిన్‌ని ఉత్త సెలైన్‌లో కలిపితే కష్టం. 0.3 శాతం సిట్రేట్ కలిపిన సెలైన్‌లో కలిపితే, ఆ సిట్రేట్ ఆమ్లాన్ని అదుపులో పెడుతుంది. అప్పుడు ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంచి, ఆ తర్వాత 32 డిగ్రీల్లో 24 గంటలు నడిపినా నిలబడింది. మెరోపెనెమ్ మాత్రం ఫెయిల్. పెద్ద పెద్ద ఇన్ఫెక్షన్లకి వాడే మందే, కానీ ఒంటి వేడికి రోజంతా ఆగలేదు. కాబట్టి అది రోజుకి మూడు సార్లు విడిగా ఇవ్వాలి. అంటే మూడుసార్లు నర్సు రావాలి, లేదా పేషెంటే నేర్చుకుని ఎక్కించుకోవాలి. రెండూ కుదరకపోతే బెడ్ మీదే ఉండాలి.

నాకు అసలు బాధ ఇక్కడే. ల్యాబ్‌లో పెరిగిన బ్యాక్టీరియాకి సరిగ్గా సరిపోయే మందు ఒకటి ఉంటుంది. దానికి పంపులో నిలబడే లెక్క లేకపోతే, రోజుకి ఒక్క ఇంజెక్షన్‌తో సరిపోయే సెఫ్‌ట్రియాక్సోన్ వైపు చెయ్యి వెళ్తుంది. సులువే, ఇంటికి పంపేయొచ్చు. కానీ అది అవసరం లేని బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. రెసిస్టెన్స్ గురించి ఇంత మాట్లాడుతూ, మందు ఎంచుకునేటప్పుడు బెలూన్‌లో ఏది ఆగుతుందో చూసి ఎంచుకోవాల్సి వస్తోంది. అందుకే బోరింగ్‌గా కనిపించే ఈ స్టెబిలిటీ పరీక్షలకి నేను అంత విలువ ఇస్తాను. ఒక్కో మందు పాస్ అయినప్పుడల్లా డాక్టరుకి ఒక సరైన దారి తెరుచుకుంటుంది.

మన ఊళ్ల సంగతి అడుగుతారేమో. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 32 డిగ్రీలంటే చల్లగా ఉన్నట్టే. అక్కడి లెక్క ఇక్కడికి తెచ్చి అతికిస్తే కుదరదు. ఇంకో చిక్కు కూడా ఉంది. వేడికి ద్రవం పలచబడి పంపు తొందరగా ఖాళీ అవుతుంది. చలికి నెమ్మదిస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పంపు పెడితే నర్సుని మూడు అడగండి. ఫ్రిజ్‌లోంచి ఎంతసేపటి ముందు తీయాలి, ఎన్ని గంటల్లో ఖాళీ కావాలి, అనుకున్న టైముకి ఖాళీ కాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. ఎండలో ఆపిన కారులో పంపు వదలొద్దు. రంగు మారలేదు కదా అని ధైర్యపడొద్దు కూడా, సగం విరిగిన మందు కూడా నీళ్లలా తేటగా కనిపించొచ్చు.

సరే ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్‌కి ఇంతే. ఉంటాను.