నియమగిరి గ్రామసభలు, మీ నల్లకోటు



ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల్లో నియమగిరి కొండలున్నాయి. మన పార్వతీపురానికి దూరమేమీ కాదు. డోంగ్రియా కోందులు అక్కడ కొండవాలుల్లో పంటలు పండించుకుంటూ, నియమరాజును కొలుచుకుంటూ బతుకుతారు. ఆ కొండ నెత్తిన బాక్సైటు ఉంది. దాన్ని తవ్వి, కింద లాంజిగఢ్‌లో ఉన్న వేదాంత కర్మాగారానికి తరలించాలనుకున్నారు. కోందులు ఒప్పుకోలేదు. నియమగిరి సురక్షా సమితిగా కూడారు. డోంగ్రియాలతో పాటు కుటియా కోందులూ, ఆ కొండల్లోనే ఉండే దళితులూ కలిసి నిలబడ్డారు.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అక్కడివారి మత, సాంస్కృతిక హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. రాష్ట్ర ప్రభుత్వం 12 ఊళ్లను ఎంచింది. కొండ మీద వందకు పైగా ఊళ్లుంటే పన్నెండేనా అని జనం నిలదీశారు. నిలదీస్తూనే సభలకు సిద్ధమయ్యారు. జూలై, ఆగస్టు వానల్లో, న్యాయాధికారి ఎదుట, ఒక్కో ఊరూ కూర్చుని తన మాట చెప్పింది. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం తవ్వకానికి అనుమతి నిరాకరించింది.

ఈ కథలో సుప్రీంకోర్టు ఉంది, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. కానీ కొండను కాపాడింది చట్టమొక్కటే అని నేను నమ్మను. ఆ పన్నెండు ఊళ్లలో ఒక్కటి జారినా, మిగతావాటి మాట పలచనయ్యేది. ఏ ఊరినీ విడిగా బతిమాలో బెదిరించో లాక్కోలేనంత గట్టిగా వాళ్లు ముందే ఒక్కటై ఉన్నారు.

మన విశాఖ ఏజెన్సీలోనూ ఇదే జరిగింది. అనంతగిరి మండలంలో గిరిజన భూములను గనులకు లీజుకివ్వడంపై సమత సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టులో గెలిచింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు లీజుకిచ్చే హక్కు ప్రభుత్వానికి కూడా లేదని ఇద్దరు న్యాయమూర్తులు చెప్పారు, ఒకరు విభేదించారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టానికి అంతటి బలం అప్పుడే వచ్చింది. అయితే ప్రభుత్వ సంస్థలు తవ్వుకోవచ్చనే తలుపు మాత్రం ఆ తీర్పులోనే తెరిచి ఉంది. 2015లో అదే ఏజెన్సీలోని జెర్రెల బాక్సైటు కోసం రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు అటవీ భూమినిస్తూ వచ్చిన జీవో 97 ఆ తలుపులోంచే వచ్చింది. చింతపల్లి కొండల్లో బగతలు, కోందులు, వాల్మీకులు, కొండదొరలు తెగల తేడా లేకుండా రోడ్డెక్కారు. 2019లో ఆ జీవో రద్దయింది. గెలిచిన తీర్పుకు కూడా కాపలా కాయాలని ఆ నాలుగేళ్లూ చూపించాయి.

ఇవాళ న్యాయశాస్త్ర పట్టా అందుకుంటున్న మీలో కొందరు ఇలాంటి ఏజెన్సీ ఊళ్లనుంచే వచ్చారు. మీ ఇళ్లలో ఇంత చదువు మీదే మొదటిదై ఉండొచ్చు. మీ తాతల భూమి కేసు మీ చేతికే రావచ్చు. మిగతావాళ్లకు నా మాట ఒకటే. గ్రామసభకు వెళ్లినప్పుడు ముందు వరసలో కూర్చోకండి. తీర్మానం వాళ్ల భాషలో వాళ్లే చెప్పుకోనివ్వండి. కువి మాటో, గోండీ మాటో మీకు అర్థం కాకపోతే అడిగి తెలుసుకోండి. రాసేటప్పుడు వాళ్లు చెప్పిన దేవుడి పేరు, వాగు పేరు, గట్టు పేరు వదలకుండా రాయండి. రేపు కోర్టులో సాక్ష్యంగా నిలిచేవి అవే.

ఇంకొక పని, నిజంగా మీవల్లే అయ్యేది. అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమి పట్టాకు పెట్టుకున్న దరఖాస్తులు ఎన్నో తిరస్కరణకు గురవుతున్నాయి. సబ్ డివిజన్ కమిటీ కాదంటే జిల్లా కమిటీకి మొర పెట్టుకోవడానికి గడువు 60 రోజులు. చాలామందికి తిరస్కరణ కాగితం చేతికి రాదు, వచ్చినా చదివి చెప్పేవాళ్లుండరు, గడువు దాటిపోతుంది. ఈ సెలవుల్లో మీ జిల్లాలోని ఒక ఏజెన్సీ మండలానికి వెళ్లండి. తిరస్కరణ కాగితాలు తెప్పించి, కారణం రాశారో లేదో చూడండి. గడువున్నవాళ్ల చేత వెంటనే అర్జీ పెట్టించండి.