న్యాయవాద కార్యాలయపు తొలి మెట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమునందు లా ఫర్ములలో జరుగు ఇంటర్వ్యూలను గూర్చి ఉపన్యాసమేల యని కొందరికి తోచవచ్చును. కారణము కలదు. జీడిమెట్ల ఒకనాడు సేద్యముపై ఆధారపడిన గ్రామము. పిదప పారిశ్రామికవాడగా పేరు పొందినది. 2007లో కుత్బుల్లాపూర్ పురపాలక సంఘము హైదరాబాదు మహానగర పాలక సంస్థలో చేరినది. పొలములు షెడ్లయినవి, షెడ్లలో పనిచేసిన వారి బిడ్డలు నేడు లాసెట్ వ్రాసి న్యాయశాస్త్రము చదువుచున్నారు. వారి వంశమున పూర్వము వకీలు లేడు. నల్లకోటు ధరించిన బంధువు లేడు. ఏ సీనియరు గుమ్మమునకు పోవలెనో చెప్పగలవారు లేరు. చదువు పూర్తియగుచుండగా వారికి ఎదురగు మొదటి చిక్కు పరీక్ష కాదు. శిక్షణార్థిగా ఎవరైన చేర్చుకొనుట.

ఈ చిక్కు ఎట్లు కలిగెనో మొదట తెలిసికొనవలెను. పూర్వము పరీక్షయందు ఉత్తీర్ణుడైన యువకుడు ఒక పెద్ద వకీలును ఆశ్రయించి పని నేర్చుకొనెడివాడు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము మొదట శిక్షణను, బార్ పరీక్షను విధించినది. 1973 నాటి సవరణ ఆ నిబంధనను తొలగించినది. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సంవత్సరపు శిక్షణను తిరిగి నిర్బంధము చేయగా, చట్టము ఇయ్యని అధికారమును కౌన్సిల్ వినియోగింపరాదని సుప్రీంకోర్టు 1999లో వి. సుదీర్ కేసునందు ఆ నియమములను కొట్టివేసినది. ఇంగ్లండునందు సొలిసిటరు కాగోరువారు రెండేండ్ల పని అనుభవము చూపవలెనను నియమము కలదు. ఇచ్చట పట్టా పొందిన పిదప అట్టి నిర్బంధ శిక్షణ లేదు. కళాశాలలో నున్నప్పుడే, 2008 నాటి న్యాయవిద్యా నియమముల ప్రకారము, మూడేండ్ల కోర్సువారు కనీసము 12 వారములు, ఐదేండ్ల కోర్సువారు కనీసము 20 వారములు ఇంటర్న్‌షిప్ చేయవలెను. అనగా నేర్చుకొనవలసిన బాధ్యత విద్యార్థిపై నున్నది; నేర్పువానిని వెదకుకొను భారమును అతనిదే.

2025 మే 20వ తేదీన సుప్రీంకోర్టు మరియొక తీర్పు చెప్పినది. సివిల్ జడ్జి జూనియర్ డివిజన్ పరీక్షకు అభ్యర్థి కనీసము మూడేండ్లు న్యాయవాద వృత్తి చేసియుండవలెనని ఆ తీర్పు ఆదేశించినది. పట్టా చేతికి రాగానే జడ్జి పరీక్ష వ్రాయవచ్చునని తలచిన పేద విద్యార్థికి ఆ మూడేండ్లు ఎవరి వద్ద, ఏ జీతముపై గడచుననునది పెద్ద ప్రశ్న యైనది. తొలి కార్యాలయములో దొరకు కుర్చీ విలువ ఆనాటితో పెరిగినది.

కుర్చీ కొరకు ఇంటర్వ్యూకు పోవు ఒక బాలికను ఊహించుకొనుడు. ఆమె తండ్రి జీడిమెట్లలో లేతు యంత్రముపై పనిచేయును. ఆమె బాలానగరమువరకు బస్సులో పోయి, అచ్చట మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీ స్టేషనులో దిగును. మాదాపురమున ఒక లా ఫర్మునందు ఇద్దరు ఆమె ఎదుట కూర్చుందురు: ఒకరు భాగస్వామి, మరియొకరు నాలుగైదేండ్ల అనుభవముగల న్యాయవాది. వారి ముందర ఆమె బయోడేటా యుండును. అందులో ఆమె, స్నేహితురాలి కాగితమును చూచి, "భూమి దావాలో న్యాయ పరిశోధన" అని వ్రాసియున్నది.

"ఏం పరిశోధించారమ్మా?" అని మొదటి ప్రశ్న. ఆమె తడబడును. ఏలయన ఆమె నిజముగా చేసిన పని వేరు. గత వేసవిలో ఒక వకీలు వద్ద ఆమె ముప్పది దస్తావేజులను చదివి, ఏ తేదీన ఏ క్రయము, ఏ నోటీసు, ఏ వాయిదా జరిగెనో వరుసగా తేదీల పట్టిక తయారుచేసినది. ఒక క్రయపత్రములోని తేదీకిని రిజిస్ట్రేషను తేదీకిని పొంతన లేదని ఆమెయే కనిపెట్టినది. ఈ మాట ఆమె చెప్పియుండిన ఆ ఇద్దరును ముందునకు వంగి వినెడివారు. తేదీల పట్టిక తయారుచేయుట శిక్షణార్థి చేయు ముఖ్యమైన పనులలో ఒకటి. అది చేతనైనవారు వారికి కావలెను. ఆమె తన చిన్న పనిని దాచి, లేని పెద్ద పనిని చూపినది. పెద్ద మాట మొదటి ప్రశ్నకే కూలును. చిన్నదైనను నిజమైన పని పది ప్రశ్నలకు నిలుచును.

కావున మొదటి సన్నాహము స్వంత కాగితమును చదువుకొనుట. బయోడేటాలోని ప్రతి పంక్తికి ఎదురుగా మూడు సంగతులు వ్రాసికొనవలెను: చేసిన పని యేమి, అందలి కష్టమేమి, దానివలన నేర్చినదేమి. వ్రాయలేని పంక్తిని కొట్టివేయవలెను. ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. పూర్వము పనిచేసిన కార్యాలయములోని కక్షిదారుల పేర్లుగాని, రహస్యములుగాని చెప్పరాదు. కక్షిదారుడు తన న్యాయవాదికి చెప్పిన సంగతికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమము 132వ సెక్షను రక్షణ కల్పించుచున్నది. కొందరు పరీక్షకులు కావలెననియే "ఆ పార్టీ ఎవరు?" అని యడుగుదురు. "పేరు చెప్పుటకు వీలులేదండీ, పని స్వభావము చెప్పెదను" అనునదియే సరియైన జవాబు.

రెండవ సన్నాహము చట్టము మారిన తేదీలను తెలిసికొనుట. 2024 జూలై 1 నుండి భారత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. ఐనను ఆ తేదీకి ముందు జరిగిన నేరమునకు పాత శిక్షాస్మృతియే వర్తించును. నాలుగు కార్మిక కోడ్లు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినవి. పాత గైడు పుస్తకము కంఠస్థము చేసినవాడు ఇచ్చట పొరపడును.

ఇక ఆ బాలికను పరీక్షకులు రెండవ ప్రశ్న అడుగుదురు: "యంత్రములో ఒక కార్మికుడి చేయి పోయింది. పరిహారం ఏ చట్టం కింద వస్తుంది?" చట్టము పేరు వెంటనే చెప్పవలెనని ఆమెకు తొందర కలుగును. కాని ఆమె పెరిగిన వీథిలో అట్టి ప్రమాదములు జరిగినవి. ఆసుపత్రికి పరుగెత్తిన తల్లులను ఆమె ఎరుగును. ఆమె ఒక క్షణము ఆగి తిరిగి అడుగును: "ప్రమాదం ఏ తేదీన జరిగిందండీ? ఆ కార్మికుడికి ఇ.ఎస్.ఐ. ఉందా?" ఇదియే వారు వినగోరిన మాట. 2025 నవంబరు 21కి పూర్వము జరిగిన ప్రమాదమైనచో 1923 నాటి పరిహార చట్టమును చూడవలెను. తరువాతిదైనచో 2020 నాటి సామాజిక భద్రతా కోడును చూడవలెను. ఇ.ఎస్.ఐ. గల కార్మికునికి ప్రయోజనములు ఆ సంస్థనుండియే రావలెను; యజమానిపై వేరుగా పరిహారపు అర్జీ నిలువదు. ఈ రెండు సంగతులు తెలియక చెప్పు జవాబు, చట్టము పేరు సరియైనను, కక్షిదారునికి ఉపకరింపదు. న్యాయవాది మొదటి గుణము జవాబు చెప్పుట కాదు, సంగతులు అడుగుట.

ఆ కోడులోని సెక్షను సంఖ్య అడిగినచో ఆమెకు గుర్తులేకపోవచ్చును. అప్పుడు ఊహించి చెప్పరాదు. "సంఖ్య గుర్తులేదండీ; ఉద్యోగి పరిహారపు అధ్యాయములో చూచి చెప్పగలను" అనవలెను. తెలియనిది తెలియదనుట అవమానము కాదు. ఎచ్చట వెదకవలెనో తెలియకపోవుటయే లోపము. కార్యాలయములో అబద్ధపు జవాబు నిచ్చిన శిక్షణార్థివలన ఒక కుటుంబము గడువు దాటి దావా పోగొట్టుకొనవచ్చును. పరీక్షకులకు ఆ భయము కలదు.

మూడవ సన్నాహము కార్యాలయమును గూర్చి తెలిసికొనుట. అన్ని లా ఫర్ములును కోర్టుకు పోవు పనియే చేయవు. కొన్ని కంపెనీల ఒప్పందములు వ్రాయును. కొన్ని స్థలముల హక్కు పత్రములను పరిశీలించును. కొన్ని పన్నుల వ్యవహారము చూచును. వాదనలందు ఇష్టము గలవాడు ఒప్పందముల కార్యాలయమునకు పోయి "కోర్టులో వాదింపవలెనని కోరిక" యనినచో ఉభయులకును కాలము వ్యర్థము.

నాలుగవది భాష. ఇట్టి ఇంటర్వ్యూలు తరచుగా ఇంగ్లీషులో జరుగును. తెలుగు మాధ్యమమున చదివినవారు ఇచ్చట కుంగిపోవుదురు. దీనికి మందు వారమునకు ఒక తీర్పు. సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుండి ఇ-ఎస్.సి.ఆర్. అను సాధనము ద్వారా ఉచితముగా లభించుచున్నవి. కొన్నింటికి తెలుగు అనువాదములును కలవు. మొదట తెలుగులో చదివి విషయము గ్రహించి, పిదప ఇంగ్లీషు పాఠమును బిగ్గరగా చదివి, సంగతులేమి, వివాదమేమి, నిర్ణయమేమి, కారణమేమి అని నాలుగు చిన్న వాక్యములలో చెప్పుట అలవరచుకొనవలెను. అలంకారముల ఇంగ్లీషు అక్కరలేదు. చిన్న వాక్యము, స్పష్టమైన మాట చాలును.

చివరకు పరీక్షకులు "మీరేమైనా అడుగుతారా?" అందురు. సిగ్గుపడి లేచిరారాదు. ఏ పని ఇత్తురు, ఎవరు దిద్దుదురు, భృతి యెంత యని మర్యాదగా అడుగవలెను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో జూనియర్లకు నెలకు పట్టణములందు 20,000 రూపాయలు, గ్రామములందు 15,000 రూపాయలు కనీస భృతి ఇయ్యవలెనని సూచించినది. అది సూచన మాత్రమే, నిర్బంధము కాదు. ఐనను బస్సు, మెట్రో ఖర్చులకును చాలని పనిలో ఎన్నాళ్లు నిలువగలరో ఇంటివారితో ముందే ఆలోచించుకొనుట వివేకము. ధనిక కుటుంబమువారు జీతములేక మూడేండ్లు నేర్చుకొనగలరు. కార్మికుని బిడ్డకు అది సాధ్యము కాదు. ఈ సంగతిని దాచుటవలన మేలు లేదు.

ఇందులో గ్రంథాలయము పని యేమి? తెలుగునాట గ్రంథాలయమునకును న్యాయవాదికిని పాత చుట్టరికము కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. దాని సేవలో పాటుపడిన మాడపాటి హనుమంతరావుగారు వృత్తిచే వకీలు. ఒంగోలులో తల్లి పూటకూళ్ళ యిల్లు నడుపుచు చదివించిన టంగుటూరి ప్రకాశముగారు ప్లీడరై, బారిస్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యయిరి. అట్టివారికి పుస్తకమును, ప్రశ్నించు పెద్దలును తోడయిరి. నేటి బాలికకును అవియే కావలెను.

వకీలు బంధువు లేని లోటును గ్రంథాలయము కొంత తీర్పగలదు. ఆదివారము సాయంకాలము ఒక బల్ల, మూడు కుర్చీలు చాలును. విశ్రాంత ఉపాధ్యాయుడొకరు, కార్ఖానాలో లెక్కలు వ్రాసినవారొకరు పరీక్షకులై కూర్చుండవచ్చును. వారికి చట్టము తెలియనవసరము లేదు. బయోడేటా చేతబట్టి "ఇది నిజముగా నీవే చేసితివా? ఎట్లు చేసితివి?" అని మరల మరల అడిగిన చాలును. ఆ ప్రశ్నకు తన ఊరివారి ఎదుట తడబడక జవాబు చెప్పిన విద్యార్థి మాదాపురమున ఎవరి ఎదుటను తడబడడు. కొత్త చట్టముల ప్రతులు, ఒక ఇంగ్లీషు దినపత్రిక, ఇంటర్నెట్టు గల ఒక యంత్రము బీరువా ప్రక్కన నుంచుట కార్యవర్గమువారికి కష్టము కాదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చదువరులను పెంచినది. ఇకముందు ఈ బల్లయొద్ద ప్రశ్నలకు నిలిచిన బిడ్డలు న్యాయస్థానములందు ఇచ్చటి కార్మికుల పక్షమున నిలుచునట్లు పెద్దలు పూనుకొందురుగాక.