మన ఎరుక మనమే చెప్పుకోవాలి

 

మన నాయనమ్మలు బుట్ట చంకన పెట్టుకుని ఊరూరా తిరిగి సోది చెప్పారు. మన ఎరుకల పేరు ఆ ఎరుక నుంచే వచ్చిందని పెద్దలంటారు. అంతమందికి ఎరుక చెప్పిన ఇళ్లలో, మన పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం "పక్కింటి అబ్బాయి ఏం చదివాడు?" అని అడిగాం. ఆ తప్పు మా తరానిదే, ఒప్పుకుంటున్నాం.

అయితే మన గురించి మనం ఆలోచించుకునే వీలు చాలాకాలం మనకు లేదు. 1911 నేరస్థ జాతుల చట్టం కింద, 1913లో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. రిజిస్టరులో పేరున్నవాళ్లు హాజరు పలకాలి. ఎవరు ఏ పని చెయ్యాలో పైవాళ్లే తేల్చేవారు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు కావాలంటే మనవాళ్లనే పంపారు. 1952లో ఆ చట్టం రద్దయింది. "నువ్వు ఫలానా" అని బయటివాళ్లు చెప్పడం మాత్రం ఆగలేదు. మాలో ఒకాయన ఇంటర్వ్యూకి వెళ్తే సర్టిఫికెట్లు తెరవకముందే ఊరి పేరు చూసి నవ్వారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన అడ్రసులో బాపట్ల అని మాత్రమే రాసేవాడు.

ఇదంతా ఎందుకంటే, ఇప్పటికీ మన లక్ష్యాల్లో కొన్ని ఆ నవ్వుకు జవాబుగానే పుడుతున్నాయి. పోలీసునవుతానని చాలామంది అంటారు. కొందరికి ఆ పని నిజంగానే ఇష్టం. కొందరికి ఖాకీ చొక్కాతో ఊళ్లో ఒక్కసారి తిరగాలని ఉంటుంది. సరే, ఆ రోజు తిరిగారు. మిగిలిన ముప్పై ఏళ్లూ?

రేపల్లె వైపు మాకు తెలిసిన ఒక యానాది కుర్రాడు సీటొచ్చిందని ఇంజినీరింగులో చేరాడు. రెండేళ్లు బ్యాక్‌లాగులే. చిన్నప్పటి నుంచి నాన్న వెంట రొయ్యల చెరువు గట్టు మీద తిరిగినవాడు. నీళ్ల రంగు చూసి ఏదో తేడా ఉందని చెప్పేవాడు. అది కూలిపని అనుకున్నాడే గాని తెలివి అనుకోలేదు. మేమూ అనుకోలేదు. చివరికి ఫిషరీస్ డిప్లొమాలో చేరాడు. పోయిన రెండేళ్లు పోయినట్టే.

తమ్ముడూ, రాష్ట్రంలో ఎస్టీలకు 6 శాతం, కేంద్రంలో 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. అది తలుపు తీస్తుంది, ఏ తలుపు మనదో చెప్పదు. బాపట్లలోనే 1945 నుంచి వ్యవసాయ కళాశాల నడుస్తోంది. అందులో ఏం నేర్పుతారో గేటు దాటి వెళ్లి అడిగినవాళ్లు మనలో ఎంతమంది?

ఇష్టం ఒక్కటే చూసుకుంటే చాలదు. ఇంట్లో అప్పెంత, ఎన్నేళ్లు సంపాదన లేకుండా ఆగగలం, గంటసేపు కుదురుగా కూర్చుని చదవగలమా, ఇవీ ఎరుకే. చెల్లెమ్మలూ, పెళ్లి ఎప్పుడన్నది కూడా మీ లెక్కలోనే ఉండాలి. డిగ్రీ మధ్యలో సంబంధం తెస్తే ఏమంటారో ఇప్పుడే అనుకోండి. అమ్మానాన్నలతో మాట్లాడటం కష్టమైతే మమ్మల్ని పిలవండి, వస్తాం.

భోజనాల దగ్గర తలా ఒక నోటుపుస్తకం ఇస్తున్నాం. నెల రోజులు రాయండి: ఏ పని చేస్తుంటే టైం తెలియలేదు, ఏ పని రేపటికి వాయిదా వేశారు, ఏ పనికి నలుగురూ మిమ్మల్ని పిలిచారు. మీరు కోరుకునే ఉద్యోగం చేస్తున్న మనిషి పక్కన ఒక రోజు కూర్చుని రండి. మొదటి పేజీ మాత్రం ఖాళీగా ఉంచి, అమ్మను అడిగి ఆమె చెప్పింది రాయండి. వచ్చే నెల రెండో ఆదివారం పుస్తకం పట్టుకుని ఇక్కడికే రండి.