పిల్లికి ఆపరేషన్ అయ్యాక



నూజివీడు తోటల ఊళ్ళలో పిల్లికి పని ఉంటుంది. మామిడి కోతలు మొదలైతే ఇంట్లోకి వరిగడ్డి వస్తుంది. గడ్డి పరిచి బంగినపల్లి కాయలు, రసాలు మాగవేస్తారు. గడ్డి ఉన్నచోటికి ఎలుక వస్తుంది. ఎలుక కొరికిన కాయను ఎవరూ కొనరు. అందుకని పిల్లిని పెంచుకుంటారు.

ఒక్క పిల్లి అయితే మంచిదే. కానీ ఆడ పిల్లి ఆరు నెలల వయసుకే ఎదకు వస్తుంది. రెండు నెలలు మోస్తుంది. ఒక్కో ఈతకు మూడు, నాలుగు పిల్లలు. ఏడాదికి రెండు మూడు ఈతలు. అన్ని పిల్లుల్ని ఎవరు సాకుతారు? కొందరు గోనెసంచిలో వేసుకుపోయి రోడ్డు పక్కన వదిలేస్తారు. అది పాపమని వాళ్ళకీ తెలుసు.

అంతకంటే ఆపరేషన్ చేయించడం మంచిది. మత్తు ఇచ్చి, కోత పెట్టి, గర్భసంచినీ అండాశయాలనీ తీసేస్తారు. ఇక పిల్లలు పుట్టవు. ముందు దగ్గరలోని పశువుల డాక్టరును అడగండి. ఎక్కడ చేస్తారో, ఎప్పుడు తీసుకురావాలో, ఎంతసేపు తిండి పెట్టకూడదో ఆయన చెబుతారు. గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. అది 1998లో పెట్టిన కళాశాల. అక్కడా అడగవచ్చు.

ఆపరేషన్ చేయడం డాక్టరు పని. తర్వాత పది, పద్నాలుగు రోజులు చూసుకోవడం ఇంటివాళ్ళ పని. తెలియక తప్పు జరిగేది ఇక్కడే.

తోటలో కాపలా ఉండే ఒక ఇల్లు అనుకోండి. సాయంత్రం బుట్టలో పిల్లిని తెచ్చారు. మత్తు ఇంకా దిగలేదు. లేస్తే తూలుతోంది. అత్తకు జాలి వేసింది.

"పొద్దుట్నుంచి ఏమీ తినలేదే దాని మొహం. కాసిని పాలు పట్టవే" అంది.

"వద్దత్తయ్యా! మత్తులో ఉండగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయంట. సరిగ్గా నిలబడ్డాక పెడదాం" అంది కోడలు.

కోడలి మాట నిజం. ఆ రాత్రి పిల్లిని నేల మీదే పడుకోబెట్టాలి. మంచం మీద, అరుగు మీద పెడితే తూలి పడుతుంది. కింద పాత చీర మడత వేయాలి. గాలి కొట్టకుండా, వెలుతురు ఎక్కువ లేకుండా చూడాలి. పొయ్యి దగ్గరకు పోనీయకూడదు. పిల్లల్ని ఆడుకోనీయకూడదు. బాగా తెలివి వచ్చాక ముందు నీళ్ళు, తర్వాత కొంచెం తిండి. ఉప్పూ కారం లేని ఉడికించిన చేప ముక్క, ముల్లు తీసి పెడితే చాలు. చేపల పులుసు కలిపిన అన్నం వద్దు. అందులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి.

మర్నాడు అత్త పిల్లిని నిమిరి చూసింది. "ఒళ్ళు కాలుతోందే. మీ మామయ్య వేసుకునే జ్వరం బిళ్ళ ఉందిగా. సగం విరిచి పెట్టు" అంది.

అక్కలారా, ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఆ సగం బిళ్ళ పిల్లి ప్రాణం తీయగలదు.

పిల్లి ఒంటి వేడి మన కంటే ఎక్కువ. మనకు 98 డిగ్రీల పైచిలుకు ఉంటే పిల్లికి సుమారు 101, 102 ఉంటుంది. జబ్బు లేకపోయినా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. అది జ్వరం కాదు.

మనం వేసుకునే జ్వరం బిళ్ళల్లో ఎక్కువగా ఉండేది పారాసెటమాల్. మన కాలేయం దాన్ని విరిచి బయటికి పంపుతుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. మందు విషమై రక్తంలోకి చేరుతుంది. రక్తం ప్రాణవాయువును మోయలేదు. చిగుళ్ళు గోధుమరంగుకో నీలానికో తిరుగుతాయి. మొహం, పాదాలు వాస్తాయి. ఊపిరి ఆడదు. పొరపాటున వేస్తే, ఈ గుర్తులు కనబడేదాకా ఆగవద్దు. వెంటనే బిళ్ళ అట్టతో సహా డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. దీనికి విరుగుడు మందు ఉంది. ఆలస్యమైతే అది పనిచేయదు.

నొప్పికి డాక్టరు ఇచ్చిన మందే, చెప్పినన్ని రోజులే వాడాలి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా. మందుల కవరు మీద డాక్టరు చేత చెప్పించుకుని మీరే తెలుగులో రాయండి: "పిల్లి మందు. పొద్దున ఒకటి. మూడు రోజులు." దాన్ని ఇంట్లోవాళ్ళ మందులతో కలపవద్దు. బిళ్ళల అట్టల మీద ఎక్కువగా ఇంగ్లీషే ఉంటుంది. కంపెనీ పేర్లు వేరువేరుగా ఉంటాయి. లోపల మందు ఒకటే. మీరు తెలుగులో రాసుకున్న మాటే మిమ్మల్ని కాపాడుతుంది.

ఇక కుట్ల సంగతి. పిల్లి నాలుక ఆకురాయిలా గరుకు. అదే పనిగా నాకితే కుట్టు ఊడుతుంది. డాక్టరు మెడకు గరాటులాంటి అట్ట ఇస్తే తీయకండి. ఏడుస్తోందని తీసేవాళ్ళే ఎక్కువ! అట్ట దొరక్కపోతే పాత బనీను చేతిని కోసి, కాళ్ళకు నాలుగు కంతలు పెట్టి తొడగవచ్చు. వెనక మూత్రానికి అడ్డం రాకూడదు. బిగుతుగా ఉండకూడదు. తడిస్తే మార్చాలి.

కుట్టు మీద పసుపు, కొబ్బరినూనె, బామ్, ఫినాయిల్ ఏదీ రాయకండి. ఒంటికి రాసినదాన్ని పిల్లి నాకుతుంది. అది కడుపులోకి పోతుంది. స్నానం చేయించకండి. దొడ్డికి ఇసుక బదులు పాత పేపరు ముక్కలు వేయండి. ఇసుక కుట్టుకు అంటుకుంటుంది.

కుక్కకు నొప్పి వేస్తే మూలుగుతుంది. పిల్లి దాచుకుంటుంది. మూల చేరి ముడుచుకుంటుంది. అందుకని రోజుకు రెండుసార్లు కుట్టు చూడాలి. మొదట్లో కాస్త ఎరుపు, కాస్త వాపు ఉంటాయి. భయం లేదు. వాపు పెరిగినా, చీము పట్టినా, వాసన వచ్చినా, రక్తం కారినా, కుట్టు విడినా, ఒక రోజంతా ఏమీ తినకపోయినా డాక్టరుకు చూపించాలి.

పిల్లిని గెంతనీయకుండా ఆపడం మాత్రం చాలా కష్టం. ఆ పది రోజులూ తలుపు వేసే ఉంచాలి. అటక మెట్టు తీసేయాలి. చెట్టు ఎక్కనీయకూడదు.

కోతల రోజుల్లో ఇంట్లో ఎవరూ ఉండరు. పూత మీద మందు కొట్టే రోజుల్లో పిల్లి బయటికి పోతే ఒంటికి అంటినది నాకుతుంది. పిల్లి చూడితో లేకపోతే, వానలు తగ్గి పూత రాకముందు ఆపరేషన్ పెట్టుకుంటే ఇంటివాళ్ళకు తీరిక ఉంటుంది.

కుట్లు కరిగే దారంతో వేశారో, మళ్ళీ వెళ్ళి తీయించాలో మొదటి రోజే అడగండి. తీయించాల్సినవైతే ఆ తారీకు గోడమీది క్యాలెండరులో రాసుకోండి. కుట్లు తీశాక, డాక్టరు సరే అంటే, పిల్లిని మళ్ళీ గడ్డి కొట్లోకి వదలవచ్చు.