క్రొత్త ఉద్యోగికి తొలి నెల

(గరివిడిలో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైనది. ఆనాడు గ్రామసేవకులకు ముందుగా శిక్షణ నిచ్చి, పిమ్మట గ్రామములకు పంపిరి. 2019లో, అదే అక్టోబరు 2న, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయములు ప్రారంభమైనవి. లక్షకు పైగా యువతీయువకులు కొలువులలో ప్రవేశించిరి. శాఖాపరమైన శిక్షణ ప్రభుత్వము ఇచ్చును. కాని ఊరిని పరిచయము చేయవలసినవారము మనమే.

గరివిడి పేరు చెప్పగానే ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారము గుర్తుకు వచ్చును. లోహము కరగు కొలిమి యొద్ద క్రొత్తవానిని తొలిదినముననే ఒంటరిగా నిలుపరాదని మీకు తెలియును. పంచాయతీ కచేరీలో జరుగు పొరపాటు నిప్పువలె కంటికి కనబడదు గాని, నష్టము తక్కువ కాదు. బిడ్డ పుట్టిన 21 దినములలోగా జననమును తెలుపవలెను. క్రొత్త ఉద్యోగికి ఈ గడువు తెలియక, దరఖాస్తుదారుని ఊరక త్రిప్పినచో ఏమగును? గడువు దాటిన రుసుము పడును. ఏడాది దాటిన మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వచ్చును. కూలిపని మానుకొని తిరుగవలసినది ఆ తల్లిదండ్రులే.

కావున నాలుగు పనులు చేయుదము.

మొదటిది: చేరిన దినమున సర్పంచి, సభ్యులు కలిసి ఆహ్వానించి, విధులేవో, ఎవరికి జవాబుదారియో స్పష్టముగా చెప్పవలెను. దూరమునుండి వచ్చిన యువతికి సురక్షితమైన బస చూపవలెను.

రెండవది: మొదటి వారముననే శివారు గ్రామములు, చెరువు, మంచినీటి ట్యాంకు, పాఠశాల, అంగన్‌వాడీ కాలినడకన చూపవలెను. ఏ వీధికి నీరు కడపట అందునో రిజిస్టరులో కనబడదు.

మూడవది: పాత ఉద్యోగి వెళ్లకముందే నగదు పుస్తకము, ఇంటిపన్ను రిజిస్టరు, జనన మరణ రిజిస్టరులు జాబితా వ్రాసి, సంతకములతో అప్పగింపజేయవలెను.

నాల్గవది: నెల దినములు అనుభవజ్ఞుడొకరు తోడుండవలెను. వారమున కొకసారి కూర్చుండి, అర్థము కానిదేమో అడుగవలెను. తప్పు జరిగిన పదిమందిలో గద్దింపక ఏకాంతమున దిద్దవలెను.

మరియొక మాట. క్రొత్త ఉద్యోగిని ముందుగా పలుకరించిన వర్గము, తన కన్నులతోనే ఊరిని చూపును. పిదప అర్హుల జాబితాలో ఎదుటి వీధి బీదవాని పేరు మరుగున పడవచ్చును. అందుచే ఆ పరిచయము ఒక ఇంటి అరుగుపైన గాక, అందరి సమక్షమున, పంచాయతీ కార్యాలయముననే జరుగవలెను.

నాటిన నారు వేరు తొడుగువరకు మడిలో నీరు చూచుకొనుట రైతు ధర్మము. మన ఊరి సేవకు వచ్చిన మనిషి యెడల ఆపాటి శ్రద్ధ చూపుదము.