మీరు ఊరెళ్తే మీ కుక్క అన్నం ముట్టట్లేదా? ఇలా చేసి చూడండి

పర్చూరు నుంచి మళ్లీ మీ ముందుకి వచ్చేశాను. ఈ రోజు టాపిక్ వినడానికి చిన్నదే, కానీ ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకి దీని బాధ తెలుసు. మనం ఏ పెళ్లికో, పురుడికో ఊరెళ్తాం. పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి, "కాస్త చూస్తూ ఉండండి పిన్నిగారూ" అని చెప్పి బస్సెక్కుతాం. రెండో రోజు ఫోన్ వస్తుంది. "బాబూ, మీ కుక్క అన్నం ముట్టట్లేదు. గేటు దగ్గరే పడుకుని ఉంది" అని.

మన వైపు దీన్ని ఒక్క మాటలో తేల్చేస్తారు: బెంగ పెట్టుకుంది. మాట నిజమే. కానీ ఆ తర్వాత ఇంకో మాట కూడా అంటారు: "విశ్వాసం గల జంతువు కదా, యజమాని వచ్చేదాకా తినదులే." అసలు సమస్య ఇక్కడే. తినకపోవడం విశ్వాసం కాదు ఫ్రెండ్స్, చాలాసార్లు అది భయం. భయం తగ్గిస్తే కుక్క తింటుంది. బతిమాలితే మాత్రం తినదు.

విశ్వాసం అనగానే అందరికీ గుర్తొచ్చేది జపాన్‌లోని హచికో. టోక్యోలో ప్రొఫెసర్ ఉయెనో కుక్క అది. ఆయన 1925 మేలో చనిపోయారు. హచికో 1935 మార్చిలో తను చనిపోయేదాకా షిబుయా స్టేషన్‌కి వస్తూనే ఉంది. దాదాపు పదేళ్లు! మరి పదేళ్లు తినకుండా ఉందా? లేదు. ఊళ్లోవాళ్లు పెట్టింది తింటూనే ఎదురు చూసింది. అది చనిపోయాక కడుపులో మాంసం గుచ్చి కాల్చే పుల్లలు దొరికాయి. అంటే ప్రేమ వేరు, ఆకలి వేరు. మీ కుక్క పక్కింటివాళ్ల చేతి అన్నం తిన్నంత మాత్రాన మిమ్మల్ని మర్చిపోయినట్టు కాదు.

మరి భయంలో ఎందుకు తినదు? ఇంటర్వ్యూకి వెళ్లే రోజు పొద్దున మీకు ఇడ్లీ దిగిందా? ఇదీ అంతే. భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. రక్తం కండరాల వైపు వెళ్తుంది, జీర్ణం నెమ్మదిస్తుంది, ఆకలి చచ్చిపోతుంది. ఆ టైంలో ముద్ద నోటి దగ్గర పెట్టి "తినమ్మా, తినమ్మా" అంటే, గిన్నె చూసినా భయమే పుడుతుంది.

ఇంకో విషయం. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. ఆయన ప్రయోగాల్లో కుక్కలకి అన్నం కనపడకముందే, అన్నం పెట్టే మనిషి వస్తుంటేనే నోరు ఊరేది. అంటే మీ కుక్క ఆకలి కడుపులోనే లేదు. మీ చెప్పుల చప్పుడులో, గిన్నె మోతలో, మీరు పిలిచే పిలుపులో కూడా ఉంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, సిస్టమ్ మొత్తం ఒక్క యూజర్ లాగిన్ మీద నడుస్తోంది. ఆ యూజర్ ఊరెళ్తే సిస్టమ్ ఆగిపోతుంది. కాబట్టి వెళ్లేముందే రెండో యూజర్‌ని యాడ్ చెయ్యాలి.

మా వీధిలో ఒక పెద్దమ్మగారు కూతురి పురుడికి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. వాళ్లది ఐదేళ్ల నాటు కుక్క, ఆవిడ చేత్తో తప్ప తినదు. పది రోజుల ముందే మొదలుపెట్టాం. మొదటి రెండు రోజులు ఆవిడ అన్నం పెడుతుంటే నేను దూరంగా నిలబడ్డాను. తర్వాత గిన్నె నేను పెట్టాను, ఆవిడ పక్కన కూర్చున్నారు. ఆ తర్వాత ఆవిడ లోపలికి వెళ్లిపోయేవారు. చివరి రెండు రోజులు ఆ టైంకి అసలు ఇంట్లోనే లేరు. గిన్నె మారలేదు, చోటు మారలేదు, టైం మారలేదు. మారింది చెయ్యి ఒక్కటే. ఆవిడ వెళ్లిన సాయంత్రం అది తినలేదు. మర్నాడు పొద్దున నేను గిన్నె పెట్టి పక్కకి తప్పుకున్నాక సగం తింది. మూడో రోజుకి మామూలైపోయింది.

అంత టైం లేకుండా వెళ్లాల్సి వస్తే? చూసుకునేవాళ్లకి ఇవి చెప్పండి.

ఒకటి, గిన్నె పెట్టి పక్కకి వచ్చెయ్యండి. ఎదురుగా నిలబడి కళ్లలోకి చూడొద్దు. పిల్లల్ని చుట్టూ చేరనివ్వొద్దు. 20 నిమిషాల్లో తినకపోతే ఏమీ అనకుండా తీసెయ్యండి, మళ్లీ టైంకి పెట్టండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

రెండు, మీరు వాడిన, ఉతకని లుంగీయో పాత చీరో దాని పడక మీద వెయ్యండి. అమెరికాలో ఎమొరీ యూనివర్సిటీ వాళ్లు చూశారు: తెలిసిన మనిషి ఎదురుగా లేకపోయినా, ఆ వాసనకే కుక్క మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం స్పందించింది.

మూడు, అన్నం గోరువెచ్చగా పెట్టండి, వాసన బాగా వస్తుంది. ముందు కాసేపు నడిపిస్తే ఇంకా మంచిది. కానీ గొలుసు వదలొద్దు, గేటు తెరిచి ఉంచొద్దు. బెంగలో ఉన్న కుక్క మిమ్మల్ని వెతుక్కుంటూ వెళ్లిపోవచ్చు. మెడపట్టీ మీద మీ ఫోన్ నంబర్ రాయండి.

నాలుగు, "రుచిగా ఉంటే తింటుందిలే" అని మన కూర కలపొద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషమే. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ మెత్తటి ముక్కలు, గుడ్డు, అన్నం చాలు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. తినని ప్రతి కుక్కా బెంగతోనే ఉందనుకోవద్దు. మనది మిర్చి, పత్తి పండే నేల. మందు కొట్టిన చేలో తిరిగొచ్చిన కుక్క తినట్లేదు, చొంగ కారుస్తోంది, వాంతులు, వణుకు ఉన్నాయంటే అది పురుగుమందు కావచ్చు. గంటలు లెక్కపెట్టొద్దు, వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిడుదులు పట్టి జ్వరం వచ్చినా తినదు. ఇవేవీ లేకపోయినా, పెద్ద కుక్క ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. కుక్కపిల్లయితే అంతసేపు కూడా ఆగొద్దు. నీళ్లు కూడా ముట్టకపోతే అసలు ఆలోచించొద్దు. మన రాష్ట్రంలో సంచార పశువైద్య సేవల నంబర్ 1962, ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

పండక్కో పెళ్లికో టికెట్ బుక్ చేస్తారు కదా, అదే రోజు ఇంకో పని కూడా మొదలుపెట్టండి. మీ కుక్కకి అన్నం పెట్టే రెండో చెయ్యిని పరిచయం చెయ్యండి. ఊరెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!