కంటిచూపు: వంశమెంత, ఎండ ఎంత
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాటల గురించి, మందుచెట్ల గురించి ముందువాళ్లు బాగా చెప్పారు. ఆకును గుర్తుపట్టేదీ, మడుగులో పీత కదిలితే పసిగట్టేదీ కళ్లే కాబట్టి నేను కళ్ల గురించి చెబుతాను.

ముసలితనంలో చూపు పోతే మన యానాది గూడేల్లో "మా వంశమే అంత" అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఎంత నిజమనేది జబ్బును బట్టి ఉంటుంది.

శుక్లాన్నే తీసుకోండి. ఇంగ్లండులో 506 జతల కవల ఆడవాళ్లను పరీక్షించి 2000లో ఒక లెక్క చెప్పారు. కంటి కటకం నడుమ వచ్చే శుక్లంలో దాదాపు సగం వాటా వంశానిది, మూడో వంతుకు పైగా వయసుది, మిగిలింది మనం బతికే తీరుది. ఆ బతికే తీరులో ఎండ ఒకటి. అమెరికాలో చెసపీక్ అఖాతంలో చేపలు, పీతలు పట్టే 838 మందిని చూసి, ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎక్కువ సోకినవాళ్లకు ఒక రకం శుక్లం ఎక్కువని 1988లో తేల్చారు. పులికాట్‌లో నడుంలోతు నీళ్లలో నిలబడే మనవాళ్లకు ఎండ పైనుంచీ వస్తుంది, నీళ్లమీంచీ కొడుతుంది. అంచు వెడల్పాటి తాటాకు టోపీ కూడా మందే. పైగా శుక్లం వంశంలో వచ్చినా ఆపరేషన్‌తో చూపు వస్తుంది. ముసలామెను మూల కూర్చోబెట్టాల్సిన పని లేదు.

నన్ను భయపెట్టేది నీటికాసులు. నొప్పి ఉండదు. చూపు అంచుల నుంచి తగ్గుకుంటూ వస్తుంది, ఎదురుగా ఉన్నది మాత్రం కనబడుతూనే ఉంటుంది. పోయిన చూపు మళ్లీ రాదు. చుక్కల మందు ఉన్నదాన్ని నిలబెడుతుంది, అంతే. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో చూస్తే, ఈ జబ్బున్నవాళ్ల తోబుట్టువులు, పిల్లల్లో జీవితకాలంలో అది వచ్చే అవకాశం నూటికి 22. మామూలు కుటుంబాల్లో 2 చిల్లర. కాబట్టి పెద్దాయనకు నీటికాసులని డాక్టరు చెప్పాడంటే, ఆ కబురు ఆయన ఒక్కడిదే కాదు, ఆయన తమ్ముడిది, చెల్లెలిది, కొడుకుది కూడా. మనమేమో "చుక్కలేసుకుంటున్నాడంట" అని ఊరుకుంటాం.

కంటి తెర నడుమ భాగం అరిగే జబ్బు ఇంకొకటి ఉంది. దానికి సంబంధించిన ఒక జన్యువును 2005లో పట్టుకున్నారు. అందులో తేడా ఉన్నవాడు బీడీ కూడా కాలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. జన్యువును మార్చుకోలేం, బీడీ పారేయగలం.

మేనరికం గురించి ఎవరో అడిగారు. చిన్నప్పుడే మొదలై ముదిరే ఒక రకం రేచీకటి దగ్గరి సంబంధాల్లో ఎక్కువ కనబడుతుంది. పెళ్లిళ్లు ఆపమని చెప్పడానికి నేను రాలేదు. ఇంట్లో అలాంటివాళ్లుంటే మాత్రం ముహూర్తానికి ముందే కంటి డాక్టరును అడగండి.

మన రాష్ట్రం ఉమ్మడిగా ఉన్నప్పుడు 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ సంస్థ పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్. నెల్లూరు తీరం అందులో లేదు. మన ఇళ్ల సంగతి మనమే రాసిపెట్టుకోవాలి.

గుమ్మం దగ్గర బల్లమీద నోటుపుస్తకం ఉంది. ఇంట్లో నీటికాసులున్నవారి పేరు, పక్కన నలభై దాటిన తోబుట్టువుల పేర్లు రాయించండి. రాయడం రానివాళ్లకు మా పిల్లలు రాసిపెడతారు. భోజనాలకు ముందే రాయించండి, తర్వాత ఎవరూ దొరకరు.